వెనక సీటులో లేచి నిలబడేవాళ్లం

నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్లే బస్సులో చివరి సీటు దొరికింది. ఫోన్‌లో, నున్నటి రోడ్డు మీద కూడా ఎగిరెగిరి పడుతున్న రేసు కార్ల వీడియో చూస్తున్నాను. చెరుకు తోటల మలుపుకు ముందు ఆ వరసలోని వాళ్లంతా రాడ్ పట్టుకుని ఒక్కసారే లేచారు. నేను లేవలేదు. బస్సు గుంతలో పడింది. నా నడుము కలుక్కుమంది.

"గుంతొస్తే లేవాలె బిడ్డా," అంది పక్కనున్న అవ్వ. ఫోన్ వైపు చూసి, "గా కారు గూడ గట్ల ఎగురుతుందేంది?" అని అడిగింది.

కారు కిందనుంచి దూసుకుపోయే గాలి దాన్ని రోడ్డుకేసి లాగుతుందని, ఆ పట్టు తప్పి మళ్లీ దొరికినప్పుడల్లా అలా ఎగురుతుందని చెప్పాను. "నడిపెటోళ్లు నడుములు నొస్తున్నయంటే, కారు అడుగుభాగం కొంచెం పైకి లేపాలని పోటీ పెట్టెటోళ్లు రూల్సే మార్చిన్రవ్వా."

ఆమె గొంతు పెరిగింది. "వాళ్లు నొస్తుందంటే బండినే మార్చిన్రా? నా కోడలు నిండు కడుపుతోని గీ సీట్లనే దవాఖానకు పోయింది. గుంత గుంతకు లేసి నిలబడ్డది. గుంతలు పూడ్వమని ఊరంత పోయి ఆఫీసర్లకు చెప్పినం, ఎవడన్న ఇన్నడా? మాయి నడుములు గావా?"

అంటూనే ఆమె నా భుజం పట్టి పైకి లాగింది. ఇంకో గుంత.

తర్వాత ఆ కార్ల రూపం మళ్లీ మారింది. ఆ మలుపు దగ్గర మేం ఇప్పటికీ లేస్తూనే ఉన్నాం.