ట్యాంకులో దాచిన ఎండ

గోదావరి మధ్యనున్న మా లంకకి కరెంటు తీగ ఉంది గానీ, వరదొస్తే ముందు ఆపేసేది దాన్నే. అందుకని బడి మేడమీద సోలార్ పలకలు పెట్టి, కింద గదిలో ఒక యంత్రం బిగించారు. ఎండ బాగా ఉన్నప్పుడు అది మిగులు కరెంటుతో నీళ్ళని విడగొట్టి, హైడ్రోజన్‌ని ట్యాంకులో దాస్తుంది. మబ్బు పడితే ఆ వాయువుతోనే మళ్ళీ కరెంటు తీస్తుంది. దాన్ని బిగించడానికొచ్చిన ఇంజనీరమ్మాయి ఇదంతా ఓపిగ్గా చెబుతుంటే నవ్వు ఆపుకున్నాను. నీళ్ళలోంచి కరెంటొచ్చేదైతే గోదారి ఒడ్డున పుట్టినవాళ్ళకి ఇన్నాళ్ళూ ఈ చీకటేమిటి?

పలకలు మాత్రం నాకు తెగ నచ్చాయి. నున్నగా, వేడిగా, కోళ్ళకి అందకుండా ఉన్నాయి. శ్రావణంలో ఎండ దొరకడమే భాగ్యం కదా అని మూడు రోజులు వాటిమీద పాత చీర పరిచి గుమ్మడి వడియాలు ఎండబెట్టాను.

ఆ వారంలోనే వరదొచ్చింది. పడవలు ఆగాయి, కరెంటు పోయింది. మా అత్తయ్యగారికి ఊపిరితిత్తుల జబ్బు. ఆక్సిజన్ మిషను ఆగితే ఆవిడ ఎంతోసేపు ఉండలేరు. మంచంతో సహా బడికి మోసుకొచ్చి మిషను ప్లగ్గులో పెట్టాం. ఆడింది. గదిలోని యంత్రం గొట్టంలోంచి బకెట్లోకి చుక్కచుక్కగా నీళ్ళు పడుతున్నాయి. పోయినవారం విడిపోయిన నీళ్ళు మళ్ళీ నీళ్ళవుతున్నాయి, ఆ మధ్యలో పుట్టిన కరెంటుతో ఆవిడ ఊపిరి తీసుకుంటున్నారు. తెలియకుండానే చేతులు జోడించాను.

ఇంజనీరమ్మాయి ఫోను చేసి ట్యాంకు మీటరులో ముల్లు ఎక్కడుందని అడిగింది. సగానికి కిందుందని చెప్పాను.

"అంత తగ్గకూడదండీ. మొన్న ఎండ బానే కాసింది కదండీ. పలకలమీద ఏమైనా కప్పేరా? ఒక్కదానిమీద నీడ పడినా వరసంతా పనిచెయ్యదండి."

"ఆయ్. వడియాలెట్టేనమ్మా" అన్నాను. స్పీకరులో ఉంది. వరదకి బడిలో తలదాచుకున్న వాళ్ళందరూ విన్నారు.

ఎవరైనా నాలుగు తిడితే బాగుండేది. తిట్టలేదు. మస్కట్‌లో ఉన్న మొగుడి ఫోను కోసం రోజంతా ఎదురుచూసే పక్కింటావిడే ముందు లేచి, చార్జింగు తీసేసి, ఫాను కట్టేసింది. తరవాత ఒక్కొక్కరూ లేచారు. ఆ ఉక్కలో, చంటిపిల్లల ఏడుపుల మధ్య, మిషను ఒక్కటే ఆడుతోంది. నేను తడిగుడ్డ పట్టుకుని మేడెక్కి పలకలన్నీ తుడిచాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

మర్నాడు మధ్యాహ్నానికి ముల్లు దాదాపు అడుగంటింది. అత్తయ్యగారి మొహం చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు. అప్పుడు మబ్బు విడింది. ఎండ పలకలమీద పడింది. కాసేపటికి ముల్లు పైకి కదలడం నా కళ్ళతో చూశాను.

ఆ సంగతి చెబితే అత్తయ్యగారు కళ్ళు తెరిచి, మాస్కు కొంచెం జరిపి, ఊపిరి కూడగట్టుకున్నారు.

"ఫాన్లేసుకోమనమ్మా వాళ్ళని. పసిపిల్లలు... నిన్నట్నించీ ఉడికిపోతన్నారు."