కోల్‌కతాలో గంటా నలభై నిమిషాలు

కరోనాకు ముందటి ఏడాది జూన్‌లో నన్ను మార్కాపురం శాఖకు సీనియర్ టికెటింగ్ ఆఫీసర్‌గా వేశారు. మాది విమాన టికెట్లు అమ్మే ఏజెన్సీ. అప్పటికే హైదరాబాదు కౌంటర్లలో ముప్పై ఏళ్లు పనిచేశాను. ఏ రెండు విమానాశ్రయాల మధ్య ఎంత దూరమో, ఎన్ని గంటలో కంప్యూటర్ తెరవకుండా చెప్పగలనని కొంచెం గర్వం కూడా ఉండేది.

చేరిన నెలలోనే యర్రగొండపాలెం అవతలి అడవి అంచు గూడెం నుంచి గురవయ్య తన కూతురు లింగమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. తేనె తీసి, కుంకుళ్లు ఏరుకుని బతికే కుటుంబం. పందొమ్మిదేళ్ల లింగమ్మ పరుగులో రాష్ట్రస్థాయి దాటింది. ఇంఫాల్‌లో ఇరవై ఏళ్లలోపు వారి జాతీయ శిబిరానికి ఎంపికలకు రమ్మని పిలుపు వచ్చింది. టికెట్ ఖర్చు ఆమె చదివే కాలేజీది.

"బిడ్డ ఒక్కతే పోతాది సార్. విమానం ఎప్పుడూ ఎక్కలే. ఎంతసేపు పడతాది?" అని గురవయ్య అడిగాడు.

హైదరాబాదు నుంచి ఇంఫాల్ ఆకాశమార్గంలో పద్దెనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు. ఆమె వెళ్లే రోజు నేరుగా విమానం లేదు, కోల్‌కతాలో మారాలి. ఒకే విమాన సంస్థ టికెట్ తీస్తే అక్కడ ఐదు గంటలు ఆగి సాయంత్రానికి చేరుతుంది. రెండు సంస్థల విడి టికెట్లు తీస్తే మధ్యలో గంటా నలభై నిమిషాలే, మధ్యాహ్నానికి చేరుతుంది. ఎంపిక మర్నాడు ఉదయం. అంతసేపు వృథా ఎందుకని విడి టికెట్లే తీశాను. "ఐదు గంటల్లో చేరిపోతుంది" అని ధీమాగా చెప్పాను.

విడి టికెట్లలో మొదటి విమానం ఆలస్యమైతే రెండో సంస్థకు బాధ్యత ఉండదు. సామాను తీసుకుని మళ్లీ వాళ్ల కౌంటర్లో ఇవ్వాలి. ఆ కౌంటర్ విమానం బయల్దేరే ముప్పావు గంట ముందే మూసేస్తారు. ఇదంతా నాకు తెలుసు. ఆ అమ్మాయికి చెప్పలేదు.

మొదటి విమానం నలభై నిమిషాలు ఆలస్యమైంది. ఆమె సంచి తీసుకుని, దారి అడుగుతూ వెళ్లేసరికి కౌంటర్ మూసేశారు. అక్కడి నుంచే నాకు ఫోన్ చేసింది.

"సార్, లోపలికి పోనీయడంలే. ఇప్పుడు నేనేం జేయాల?"

తెలిసిన ప్రతి సంస్థనూ అడిగాను. మర్నాడు మధ్యాహ్నం దాకా ఒక్క సీటూ దొరకలేదు. ఆమె మైదానం చేరేసరికి ఎంపికైనవాళ్ల పేర్లు చదివేశారు.

పది రోజుల తర్వాత తండ్రీకూతుళ్లు ఆఫీసుకు వచ్చారు. ఇంకో దారి కూడా ఉండేదని, ఐదు గంటలు ఆగడం తప్పించాలనే అలా చేశానని ఒప్పుకున్నాను. లింగమ్మ నన్ను అడిగింది.

"ఐదు గంటలు కూచోడం మాకొక కష్టమా సార్? పాలెంలో బస్సు కోసం పొద్దంతా కూచుంటాం. నన్ను అడిగింటే చెప్పేదాన్ని గదా."

గురవయ్య "పా పోదాం, పాపా" అని ఆమెను వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది కరోనాతో శిబిరాలు ఆగిపోయాయి. మళ్లీ మొదలయ్యేసరికి ఆమెకు వయసు దాటింది. ఇప్పుడు బట్టల దుకాణంలో పనిచేస్తోందని విన్నాను.

టికెట్ తీసేముందు మనిషి ఏ గంటకు అక్కడ ఉండాలో, ఒంటరిగా వెళ్తున్నారో లేదో, దారిలో ఆగడానికి ఇష్టమేనో అడగాలి. ప్రయాణ సమయం ఆ తర్వాత చూసుకోవచ్చు. ఈ సంగతి నాకు తెలిసేసరికి రిటైర్మెంట్‌కు రెండేళ్లే ఉన్నాయి.