కొండవైపు దారి వదలమన్న మా అత్త

మంగళవారం పొద్దున్న బస్సులో ఉండగా మాడుగుల నుంచి ఫోన్ వచ్చింది. మా మేనత్త పోయింది. నిద్రలోనే, ఏ బాధా లేకుండా. ఏడుపు వస్తుందనుకున్నాను. ముందు గుర్తొచ్చింది మాత్రం చెరుకుతోట దగ్గర ఆవిడతో గడిపిన ఒక ఉదయం.

అత్త ఎడమ చెంప మీద కంటి నుంచి దవడ దాకా ఎలుగుబంటి గీరిన మచ్చ ఉండేది. వయసులో ఉన్నప్పుడు కట్టెలకు వెళ్లి దాని ఎదుట పడిందట. అయినా పొలం మానలేదు. తోటలో అడుగుపెట్టే ముందు చప్పట్లు కొట్టి, "వస్తన్నాను, తప్పుకోండి" అని పొదలకు గట్టిగా చెప్పేది. మేం నవ్వితే, "సెప్పకుండా ఎవులింటికైనా ఎల్తామేటి?" అనేది.

చోడవరం ఫ్యాక్టరీకి చెరుకు కొడుతున్న రోజులవి. నేను సెలవు మీద వెళ్లాను. పనివాళ్లు కత్తులు వదిలేసి పరుగెత్తుకొచ్చారు. అత్త తోటలోనే ఎలుగుబంటి ఉందన్నారు. చూస్తుండగానే ఊరు ఊరంతా కర్రలతో తోట చుట్టూ మూగింది. ఒకాయన టపాసులు తెచ్చాడు. లోపల గుర్రుమని వినిపించింది. అయినా వెనక్కి రాబుద్ధి కాలేదు.

చంపమని ముందు అనేది అత్తే అనుకున్నారంతా. ఆవిడ వస్తూనే టపాసులు లాక్కుంది.

"నాలుగేపులా నిలబడిపోతే అదెటెల్తాది? కొండేపు ఒగ్గీండి. అందరూ ఊరేపు రండి."

"నీ మొకం సీల్చింది మర్సిపోయేవేటి, పిన్నీ?" అన్నాడు పక్కతోట రైతు.

"మర్సిపోలేదు బాబూ. ఆ రోజు దానెనక బండ, ముందు నేను. దానికి దారి నేదు. అందుకే మీద పడింది."

ఒక్కొక్కరే కదిలారు. ఇప్పటికీ మా ఊళ్లో కోత ఊరివైపు నుంచే మొదలుపెడతారు, కొండవైపు చివరికి ఉంచుతారు. అది ఆవిడ పెట్టిన పద్ధతే.

నాచేత ఫారెస్టు ఆఫీసుకు ఫోన్ చేయించి, అందరినీ ట్రాక్టరు వెనక కూర్చోబెట్టింది. అరగంట గడిచింది. చెరుకాకు కదిలితే చాలు, ఊపిరి బిగబట్టేవాళ్లం.

అప్పుడు బయటికొచ్చింది. వీపు మీద రెండు పిల్లలు, బొచ్చు పట్టుకుని. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తల్లి మా వైపు ఒకసారి చూసి కొండ కింద పారే గెడ్డలోకి దిగింది. నీళ్లు పొట్ట దాకా వచ్చాయి. పిల్లలు రెండూ దాని మెడ మీదకు పాకాయి.

"మెల్లగా ఎల్లు తల్లీ, మెల్లగా" అని గొణుగుతూనే ఉంది అత్త, అది అవతలి గట్టెక్కేదాకా.