ఎండకు పొంగిన వాగు

1948 మే మొదటివారం. లారీ మమ్మల్ని దించిన చోట దారే అయిపోయింది. కశ్మీరు కొండల్లో దేవదారు చెట్ల మధ్య ఏడు గుడారాలు, ఒక రాతిగోడ, ఇరవై రెండు కంచరగాడిదలు. పటాలంలో వాటిని ఖచ్చర్లు అనేవాళ్లం. మధ్యాహ్నం పన్నెండుకు కూడా పళ్లు కొట్టుకుంటున్నాయి. ఆ వేళకు మా సిద్దిపేటలో వడగాడ్పుకు కుక్కలు కూడా బయటికి రావు.

ఒక్కొక్కరికి రెండు కంబళ్లు, ఒక పొడుగు కోటు, మేకుల బూట్లు ఇచ్చారు. నేను రేషన్ నాయక్‌ని. పై పోస్టులకు సామాను పంపే ప్రయాణాలు రాయడం నా పని. ఎవరు పోవాలి, ఎన్ని ఖచ్చర్లు, ఎంత పిండి, ఎన్నింటికి బయలుదేరాలి, ఎన్నింటికి తిరిగి రావాలి. కాగితం మీద సుబేదార్ సాబ్ సంతకం పడితేనే ఖచ్చర్ కదలాలి.

"ఇక్కడ నాలుగు కాలాలు. ప్రయాణం రాసేముందు ఏ కాలమో చూడు" అన్నాడాయన మొదటిరోజే. జీ సాబ్ అన్నాను. మూడు కాలాలతో వేగినవాడికి నాలుగోది ఒక లెక్కా అనుకున్నాను మనసులో. అప్పుడు నాకు అంత పొగరు.

సిద్దిపేటలో నా భార్యకు నెలలు నిండాయి. అక్కడంతా గడబిడగా ఉందని వినడమే గాని ఐదు నెలలుగా ఉత్తరం ముక్క లేదు. కాలు కాలిన పిల్లిలా గుడారాల చుట్టూ తిరిగేవాణ్ణి. వచ్చిన మూడు వారాలకు సెలవు మంజూరైంది. గురువారం పొద్దున ఆరుకు లారీ. ఖచ్చర్లన్నీ తిరిగి వచ్చి, నేను సామాను అప్పగిస్తేగాని ఎక్కడానికి లేదు.

మంగళవారం పైనుంచి వైర్‌లెస్‌లో ఒక సిపాయి గొంతు వచ్చింది. "పిండి రెండు పూటలకే ఉంది. ఆపరేటర్‌కు జ్వరం, మాట తడబడుతున్నాడు. దించాలి. ఓవర్."

పోస్టు తొమ్మిది మైళ్లు. రెండో మైలు దగ్గర ఒక వాగు. నేను అంతవరకు అటు పోలేదు. రెండు ఖచ్చర్లు, తోడు ఇద్దరు సిపాయిలు, తోలడానికి మా దగ్గరి ఊరు అక్కన్నపేట అతన్ని రాశాను. బావులు తవ్వేవాళ్ల కొడుకు. నాతోపాటే అదే లారీలో వచ్చాడు. ఆ గుడారాల్లో నాతో తెలుగు మాట్లాడేది అతనొక్కడే.

దారి అడుగుదామని ఒక గొర్రెల కాపరిని పిలిపించాను. "ఎక్కిన రోజు పైనే పడుకోండి. మర్నాడు తెల్లారి దిగండి. పొద్దు నడినెత్తికి వచ్చాక వాగు మీ మాట వినదు" అన్నాడు ముసలాయన ఉర్దూలో. వాన పడుతుందా అని అడిగాను. లేదు, ఎండ అన్నాడు.

నేను నవ్వాను. పక్కనే ఉన్న అక్కన్నపేట అతనూ నవ్వాడు.

"ఎండకు వాగొస్తదానే అన్నా? మా దిక్కు ఎండకు బాయిలే ఎండుతయి."

"గదే చూడు తమ్మీ. మనకు నేర్పుతుండు."

పైన పడుకుంటే గురువారం లారీ దక్కదు. అందుకే ఒక్క రోజుకే రాశాను. ఐదుకు బయలుదేరడం, పదిన్నరకు పైన, పన్నెండున్నరకు దిగడం, మూడున్నరకు వాగు. సుబేదార్ సాబ్ కింది క్యాంపుకు పోయాడు, గురువారం గాని రాడు. సంతకం కోసం ఆగాలి. ఆగలేదు.

బుధవారం వాళ్లతో వాగు దాకా నడిచాను. నీళ్లు మోకాలికి కూడా రాలేదు. అక్కన్నపేట అతను బూట్లు మెడకు తగిలించుకుని దాటాడు.

మధ్యాహ్నం మూడుకు మళ్లీ వెళ్లాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. మెడ మీద ఎండ చురుక్కుమంటోంది. వాగు కనబడకముందే చప్పుడు వినబడింది. నీళ్లు బూడిద రంగులో ఉన్నాయి. అడుగున రాళ్లు కొట్టుకుంటున్నాయి. పొద్దున మేం కాలు పెట్టిన బండ ఒక్కటీ పైకి లేదు. పైన కొండల మీది మంచంతా పొద్దుటి నుంచి ఎండకు కరిగి దిగుతోందని అప్పుడు తలకెక్కింది.

మూడూ నలభైకి వాళ్లు అవతలి గట్టుకు వచ్చారు. ఒక ఖచ్చర్ మీద ఆపరేటర్, పిండి దించేసిన ఒట్టి ఖచ్చర్ ఒకటి, ఇద్దరు సిపాయిలు, ముందు అక్కన్నపేట అతను.

"అన్నా, గిదేంది? గీడ వాన పడ్డదా?"

"లేదు తమ్మీ."

"మరి రావాల్నా?"

సిపాయి ఒకడు ఆగమని అతని భుజం పట్టుకున్నాడు. అతను నా వైపే చూస్తున్నాడు. నాకు లారీ కళ్లలో మెదిలింది. కుడిచెయ్యెత్తి రమ్మన్నాను.

లోతు చూడ్డానికి ఒట్టి ఖచ్చర్‌ను పట్టుకుని దిగాడు. నాలుగో అడుగుకు దాని కాళ్లు లేచిపోయాయి. అతను తాడు వదల్లేదు. రెండు మలుపుల కింద ఖచ్చర్ గట్టెక్కింది. అదొక్కటే.

గురువారం ఆరుకు లారీ పోయింది. రాత్రి చలికి తగ్గి మళ్లీ మోకాలు లోతు కూడా లేని నీళ్లలో నేను వెతుకుతున్నాను. ఆపరేటర్‌ను ఆ పొద్దునే ఎత్తుకుని దాటించారు, బతికాడు. ఎనిమిది రోజులు వెతికాం. సుబేదార్ సాబ్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. నాయక్ పట్టీ పోయింది. అక్కన్నపేట అతని పేరు ఎదుట 'లాపతా', ఆచూకీ లేదు అని రాశారు.

దసరా దాటాక ఇల్లు చేరాను. కూతురికి నాలుగో నెల. మూడో రోజున అక్కన్నపేట పోయాను.

అతని బాపు ఇంటి ముందు బావితాడు పేనుతున్నాడు. కొడుకు కనబడటం లేదని తార్ అందిందట. అంతా చెప్పాను. చెయ్యెత్తి పిలిచింది నేనేనని కూడా చెప్పాను. కొడితే పడదామని వచ్చాను.

"ఎండకాలమే గదా బిడ్డా?"

"ఎండకాలమే బాపూ."

"వాన పడలే?"

"పడలే. మొగులు గూడ లేదు."

ఆయన నా మొహం చాలాసేపు చూశాడు. మెల్లగా ఆయన మొహం విచ్చుకుంది.

"నలభై ఏండ్లాయె నేను నీళ్లతోటే బతుకవట్టి. వాన లేంది వాగెట్లొస్తది? పోరడు పటాలమిడిసి యాడికో పారిపోయిండు. నువ్వు దాస్తున్నవు. మంచిదే, ఎవ్వలకు చెప్ప."

మంచు సంగతి మూడుసార్లు చెప్పాను. ఆయన తలూపుతూ నవ్వుతూనే ఉన్నాడు. లోపలికి కేకేశాడు, "గట్క తేవే, మనోడు బతికే ఉన్నడు."

ఇన్నేళ్లయినా నా కళ్లముందు నిలిచేది ఆ వాగు కాదు. అతని బాపు చెంబు వంచి, నవ్వుకుంటూ, గట్క తినేముందు కడుక్కోమని నా కుడిచేతి మీద నీళ్లు పోయడం.