బల్ల ఎక్కని డ్రిల్లు మాస్టారు

“నా గుండె సంగతి వాళ్ళు కాగితం మీద రాసుకుంటే ఉద్యోగం పోద్ది ప్రేమా. చంటిదాన్ని చంకనేసుకుని ఎక్కడికి పోతాం?”

మాచర్ల మిషన్ హైస్కూల్లో సైన్సు చెప్పే శౌరి, 1963లో ఒక పొద్దున చద్దన్నం ముందు కూర్చుని భార్య ప్రేమమ్మతో అన్న మాట ఇది. చిన్నప్పుడు అతనికి కీళ్ళ జ్వరం వచ్చింది. పోతూ పోతూ గుండెలో చిన్న గరగర వదిలి పోయింది. జూన్‌లో ఉద్యోగం ఖాయం కావాలి. సరిగ్గా ఇప్పుడే పట్నం నుంచి ధనుంజయరావు అనే పరిశోధకుడు దిగాడు. బడి సిబ్బంది ఇరవై మందినీ ఐదు నిమిషాలపాటు బల్ల ఎక్కించి, దించి, నాడి చూసి రాసుకుంటాడట. అతనికి సాయం డ్రిల్లు మాస్టారు జీవరత్నంగారట.

జీవరత్నంగారికి ఉన్నది ఒకటే జబ్బు. అడగందే ఏ పనీ చేయరు. అదీ మూడుసార్లు అడగాలి. చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చాటింపు వేసి, అభ్యంతరాలుంటే చెప్పమంటారు కదా. పెళ్ళికే మూడుసార్లు అడుగుతుంటే మిగతా వాటికి ఒక్కసారి ఎట్లా సరిపోద్దని ఆయన వాదన.

ఆయన తెల్లారే గేదె దగ్గర చెంబుతో నిలబడి, “పితకనా అమ్మా? పితకనా? పితకనా?” అనేవారు. అది ఒకసారి కాలు ఝాడించింది. ఖాళీ చెంబుతో లోపలికొచ్చారు.

“పాలేవి?” అంది భార్య ఆరోగ్యమ్మ.

“వద్దంది.”

“గేదె వద్దంటే ఇంట్లో కాఫీ మానుకోవాలా?”

“కాఫీ మనది. పొదుగు దానిదేగా!”

డ్రిల్లు పీరియడ్‌లో కూడా అంతే. “పరిగెత్తుదామా? వద్దన్నవాళ్ళు వేపచెట్టు కింద కూర్చోండి” అనేవారు. మొదటివారం క్లాసు మొత్తం వేపచెట్టు కిందే. హెడ్మాస్టరు కిటికీలోంచి చూసి తల కొట్టుకున్నారు. నెల తిరిగేసరికి కూర్చోవటం విసుగుపుట్టి పిల్లలే లేచి పరుగు పెట్టారు. ఆ ఏడు జిల్లా పందేల్లో రెండు కప్పులు ఆ వేపచెట్టు కిందనుంచి లేచినవే.

ఆయన పెళ్ళి సంగతి ఆరోగ్యమ్మే చెప్పి నవ్వించేది. “పాస్టరుగారు ఆయన్ని అడిగారు, నీకు ఇష్టమేనా అని. ఈయన ఉండండయ్యా అని చెప్పి నావైపు తిరిగి, నీకిష్టమేనా అన్నాడు. నేను తల ఊపబోతుంటే, మీ నాన్న పక్కనుండగా చెప్పబాకు అని, మా నాన్నని చర్చి బయట నిలబెట్టొచ్చాడు!”

“మరి మీరేమన్నారు అత్తా?” అని ప్రేమమ్మ అడిగితే,

“వెంటనే చెప్తానా? కాసేపు ఆగా. ఆ కాసేపట్లో కోటు తడిసిపోయింది ఆయనకి” అనేది.

అటువంటి మనిషి చేతికి ధనుంజయరావు, పరీక్షకు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టే ఇంగ్లీషు కాగితాలు ఇచ్చాడు.

“దీన్ని తెలుగులో రాసి అందరికీ చదివి వినిపిస్తా” అన్నారు జీవరత్నంగారు.

“అక్కర్లేదండీ. అందరి తరఫునా హెడ్మాస్టరుగారు సంతకం పెట్టేశారు.”

“బల్ల ఎక్కేది హెడ్మాస్టరుగారా?”

“కాదు.”

“ఎక్కే కాళ్ళు ఎవరివైతే సంతకం వాళ్ళదే.”

వరసగా మూడు రోజులు పొద్దున ప్రార్థన అయ్యాక ఆయన చాటింపు వేశారు. “బల్ల ఎత్తు ఇంత. ఆయాసం వస్తది. కళ్ళు తిరగొచ్చు. మధ్యలో దిగిపోవచ్చు. కాగితం మీద పేర్లుండవు, అంకెలే. వద్దనేవాళ్ళు వద్దనొచ్చు, కారణం చెప్పక్కర్లా.” మూడో రోజున అటెండరు సాంబయ్య ఉండబట్టలేక అడిగాడు. “ఇంతకీ పెళ్ళికూతురెవరండీ?”

బడి యాజమాన్యం చూసే కరస్పాండెంటు నెహెమ్యాగారు మాత్రం గడ్డం నిమురుకుంటూ, “పేర్లు లేకపోతే పోనీ. గట్టివాడెవడూ వద్దనడు. వద్దన్నవాడు ఎవడో చూస్తే చాలు, జూన్‌లో ఎవర్ని ఉంచాలో తెలిసిపోద్ది” అన్నారు.

ఎక్కితే శౌరి గుండెకి ప్రమాదం. వద్దంటే ఉద్యోగానికి ప్రమాదం. సైన్సు చదివినవాడు గనక, ఐదు నిమిషాల్లో తన నాడి ఎక్కడిదాకా పోతుందో లెక్క కూడా వేసుకున్నాడు. అది ఇంకా చెడ్డ పని.

పరీక్షకు రెండు రోజుల ముందు, ఊరికే కూర్చున్నప్పటి నాడి చూసే పని పడింది. జీవరత్నంగారు మూడుసార్లు అడిగి శౌరి మణికట్టు పట్టుకున్నారు. వద్దనే ధైర్యం లేక శౌరి మూడుసార్లూ సరేనన్నాడు. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నట్టు కాసేపు ఉండిపోయారు. తరవాత గడియారం విదిలించి, “ఇది ఆగిపోయిందబ్బాయ్. నీది రాయటం కుదర్లా” అన్నారు. బతుకుజీవుడా అనుకుని శౌరి లేచి వచ్చేశాడు.

పరీక్ష రోజు హాల్లో బల్ల వేశారు. నెహెమ్యాగారు కుర్చీ ముందుకు లాక్కుని మరీ కూర్చున్నారు. జీవరత్నంగారి పేరే మొదట. నలభై ఏడేళ్ళ వయసులోనూ ఊరి చుట్టూ పరిగెత్తి వచ్చే మనిషి. అందరూ చప్పట్లు కొట్టబోయారు.

“నేను ఎక్కను” అన్నారాయన.

“మీరా! ఎందుకండీ?” అని ధనుంజయరావు నోరు తెరిచాడు.

“ఎందుకని అడక్కూడదు. మూడు రోజులు చాటించాగా.”

“జీవరత్నం, నీకేం రోగమయ్యా?” అన్నారు నెహెమ్యాగారు.

“మీరు బయట కూర్చుంటే మిగతావాళ్ళని అడుగుతానండీ. పెద్దలు ముందుంటే నోళ్ళు పెగలవు.” సొంత మామనే బయట నిలబెట్టినవాడితో వాదన ఎందుకని ఆయన గొణుక్కుంటూ లేచి వెళ్ళారు.

ఆ తరవాత సిగ్గు అనేది ఎవరికీ మిగల్లేదు. సాంబయ్య వద్దన్నాడు, పంచె ఊడుద్దని. లెక్కల మాస్టారు వద్దన్నారు, పొద్దున తిన్న పెసరట్లు ఇంకా అరగలేదని. గుమాస్తా ధనుంజయరావు మొహం నచ్చలేదన్నాడు. కారణం అక్కర్లేదని ఎంత మొత్తుకున్నా అందరూ కారణాలు చెబుతూనే ఉన్నారు. ఇరవై మందిలో తొమ్మిది మంది వద్దన్నారు. శౌరి ఆరోవాడు. అతని వైపు ఎవరూ తలైనా తిప్పలేదు. జూన్‌లో ఉద్యోగం ఖాయమైంది.

ఖాయమయ్యాక వచ్చిన ఆదివారం శౌరి, ప్రేమమ్మ తొమ్మిది నెలల పాపనెత్తుకుని ఆయన ఇంటికి వెళ్ళారు.

“మాస్టారూ, మీరెందుకు ఎక్కలేదు?”

“అడక్కూడదంటే అడుగుతావేందబ్బాయ్!”

వంటింట్లోంచి ఆరోగ్యమ్మ అందుకుంది. “పరీక్షకు ముందు వారం రోజులు ఇదిగో ఈ అరుగు ఎక్కీ దిగీ నా ప్రాణం తీశాడు, పట్నం పుస్తకంలో మొదటి అంకె నాదే అని. తీరా ఆ రోజు మానుకుని వచ్చాడు. అడిగితే నవ్వుతాడు.”

శౌరి ఆయన చేతి గడియారం వైపు చూశాడు. అది టకటకా కొట్టుకుంటూనే ఉంది.

“ఇంకో నెల ఆగబాకు” అన్నారు జీవరత్నంగారు గొంతు తగ్గించి. “గుంటూరెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించుకో. ఆయన దగ్గర మాత్రం ఏదీ దాచబాకు. తోడు రమ్మంటావా? రమ్మంటావా?”

“రండి మాస్టారూ” అన్నాడు శౌరి. మూడోసారి అడిగే అవకాశం ఆయనకు దక్కలేదు.

పాప ఆయన్ని చూసి ప్రేమమ్మ భుజంలో మొహం దాచుకుంది. శౌరి దాన్ని ఆయన చేతుల్లోకి నెట్టబోయాడు. ఆయన వెనక్కి జరిగారు.

ఆ పాపకిప్పుడు ఐదేళ్ళు. స్నానానికి రానంటుంది, అన్నం వద్దంటుంది. బిడ్డ చిక్కిపోతుందేమోనని శౌరికి బెంగ. అయినా ఆ రోజు ఆయన అరుగు మీద చెప్పిన మాట ప్రకారం గుమ్మంలో అట్లాగే నిలబడతాడు:

“వద్దన్న బిడ్డని లాక్కోబాకు అబ్బాయ్. చేతులు చాపి నిలబడు. దానికి రావాలనిపించినప్పుడు నీ చేతులు అక్కడుంటే చాలు.”