పక్కింటి సారు పులిసిన పిండి

తాండూరులో మా పక్కింటి సారు ఒక సీసాలో పులిసిన గోధుమపిండిని పెంచేవాడు. ఆయన కన్నపిల్లలకు కూడా అంత ముద్దు జరిగి ఉండదు. వేళ తప్పకుండా పిండీ నీళ్లూ తినిపించి, మూత తీసి, కళ్లు మూసుకొని వాసన చూసి, "జీవమున్నది!" అని వికారాబాద్ దాకా వినబడేలా ప్రకటించేవాడు. దసరాకు ఆ పిండిలోనే దాల్చినచెక్క, లవంగాలు వేసి కేకు చేసి, మాకు మందుబిళ్లంత ముక్క పంపేవాడు.

మా ఆవిడ ఒకసారి తోడుకు చెంచాడు పిండి అడిగింది.

"గిదేమన్న పెరుగు తోడా అమ్మా, ఇంటింటికి పంచనీకి?" అన్నాడు.

మరుసటేడు దసరాకు కొత్త వియ్యంకులను కేకు తినడానికి పిలిచాడు. తీరా పండుగ ముందు వారం ఊరికెళ్లి వచ్చేసరికి సీసా నిండా బూజు! పరువు పోతుందని మా గుమ్మంలో కూలబడ్డాడు.

మా ఆవిడ బుడగలు పొంగుతున్న డబ్బా తెచ్చింది. "మీ ఇంటామె, అక్కనే, పోయినేడు గోడ మీదికెల్లి ఇచ్చింది సార్. తోడు అడిగితె లేదనొద్దు గద!"

సారు మూత తీశాడు. కళ్లు మూసుకొని వాసన చూశాడు.

"జీవమున్నది," అని ముక్కు చిట్లించాడు. "గని మా దాని లెక్క లేదు."

చెంచాడు ఇవ్వనన్నవాడు డబ్బాతో సహా పట్టుకుపోయాడు.