పక్కలత్త

ఇప్పుడు మ్యూజియం అయిపోయిన ఆ ప్యాలెస్‌లో రాణిగారి పడగ్గది చూసుకునే ఆవిడని అందరూ పక్కలత్త అంటారు. ఎవరూ పడుకోని పక్కని రోజూ సర్దుతుంది మరి. పొద్దున్నే ఆమె కిటికీ తలుపులు తీస్తే, రంగుటద్దాల్లోంచి ఎరుపూ పచ్చా వెలుగు మంచం మీదికి పాకుతుంది, పైకప్పులో చెక్కిన పువ్వులు ఒళ్ళు విరుచుకుంటాయి. అప్పుడు అత్త ముందుగా దుప్పటిని బాగా నలిపేస్తుంది. నలగకపోతే సర్దడానికేముంది? "ఇంత దొర్లారు, రాత్రి నిద్ర పట్టలేదా అమ్మగారూ!" అని గొణుగుతూ మళ్ళీ నున్నగా పరుస్తుంది. గుమ్మం దగ్గర గార్డు, "అత్తా, రాణిగారు కాఫీ అడిగారా?" అంటే, "పొద్దున్నే నీ మొహం చూపించొద్దన్నారు" అంటుంది.

మొన్న పెద్దాఫీసరు మంచం చుట్టూ అద్దాలు బిగించేస్తున్నామన్నాడు. ఇక దుమ్ము పడదు, పక్క సర్దక్కర్లేదు, అత్త ఎల్లుండి నుంచి టికెట్ల గేటు దగ్గరికి. ఆ ఆఖరి పొద్దున ఆమె దుప్పటి నలపలేదు. కాళ్ళు తుడుచుకుని, ఇన్నేళ్ళలో మొదటిసారి, మంచమెక్కి పడుకుంది. ఎర్రటి వెలుగు కళ్ళ మీదికొచ్చేదాకా ఉండి, దిగి, దుప్పటి సర్దింది. దిండు మాత్రం ముట్టుకోలేదు.

ఇప్పుడు గైడు అద్దంలోంచి దిండు మీది గుంట చూపించి, "రాణిగారి తల ఆనవాలు! చెక్కు చెదరకుండా కాపాడాం" అంటాడు. జనం నోళ్ళు తెరుస్తారు. మంచినీళ్ళ వంకతో వచ్చి వెనక నించున్న అత్తని గార్డు గిల్లుతాడు, "రాణిగారింకా లేవలేదేంటత్తా?"

"ఉష్, పడుకోనీరా" అని అత్త జుట్టుముడి సర్దుకుంటుంది.